దిమ్మల మేస్త్రి షెడ్డు

చీకటి పడ్డాక మా వీధి చివరి షెడ్డు వైపు ఎవరూ వెళ్ళరు. వెళ్ళొద్దని ఎవరూ బోర్డు పెట్టలేదు. అయినా వెళ్ళరు.

వీధి వీధంతా బళ్ళ పనే. మొదట్లో పంక్చర్ షాపు, ఆ పక్కన రేడియేటర్ల వాళ్ళు, తర్వాత రంగులు కొట్టేవాళ్ళు, మధ్యలో నా కుట్టుమిషను. నేను బళ్ళకి సీట్లు కుడతాను. అన్నిటికంటే చివర, వాలు మొదలయ్యే చోట, ఆ రేకుల షెడ్డు. పగలు చూస్తే అందులో భయపడ్డానికేమీ లేదు. తుప్పు పట్టిన షట్టరు, దాని పక్కన చిన్న తలుపు, తలుపుకి తాళం. అంతే.

రాత్రయితే మాత్రం...

లోపల టక్కు టక్కుమని చప్పుడు వస్తుందన్నారు. రేకు సందులోంచి నారింజరంగు వెలుగు కాసేపు కనబడి ఆరిపోతుందన్నారు. వీటన్నిటినీ మించి — ఒక గొంతు. పెద్ద గొంతేం కాదు. పక్కనే నిలబడ్డ మనిషిని బతిమాలుతున్నట్టు...

"కాస్త ఎత్తు... కాస్త ఎత్తు..."

మొదట విన్నది పంక్చర్ షాపు అన్న. ఆ మర్నాటి నుంచి దీపాలు పెట్టకముందే షాపు కట్టేయడం మొదలుపెట్టాడు. తర్వాత రంగుల వాళ్ళు విన్నారు. ఆ తర్వాత విననివాళ్ళు కూడా విన్నామనడం మొదలుపెట్టారు. వీధి కుక్కలు సైతం ఆ షెడ్డు అరుగు మీద పడుకోవడం మానేశాయి.

నేను నమ్మలేదు. ధైర్యం ఉండి కాదు, కోపంతో. ఎందుకంటే ఆ లోపల ఉన్నది నిజంగా ఎవరైనా అయితే, అది మా బావ. మా అక్క మొగుడు. చచ్చి దెయ్యమైన మనిషికి తనతో కలిసి పనిచేసినవాళ్ళని జడిపించే ఓపిక ఉంది గానీ, వెళ్ళాల్సినవాడి ఇంటికి వెళ్ళే ఓపిక లేకపోయిందా అని నా మంట.

బావని వీధిలో దిమ్మల మేస్త్రి అనేవాళ్ళు.

పాత కార్లని బతికించడం ఆయన పని. ఏ బండి కిందికి దూరాలన్నా ముందు జాకీతో ఎత్తేవాడు. నాలుగు మూలలా నాలుగు చెక్క దిమ్మలు పెట్టి, బండిని వాటి మీద కూచోబెట్టేవాడు. భుజంతో ఒకసారి గట్టిగా తోసి చూసేవాడు. అప్పుడు దూరేవాడు. ఒక్క నట్టు బిగించి వచ్చే పనికైనా ఇదే తంతు. జాకీ ఉన్నది ఎత్తడానికే, మొయ్యడానికి కాదనేవాడు. వేరేవాళ్ళ బండి కింద దిమ్మలు కనబడకపోతే కాళ్ళు పట్టుకుని మనిషిని బయటికి లాగేవాడు.

ఇంట్లోనూ అంతే. అక్క అటక మీద డబ్బా అందుకోవాలంటే స్టూలు కింద చెక్కముక్క సర్ది గానీ ఎక్కనిచ్చేవాడు కాదు. మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు కుర్చీ కదిపి చూసి గానీ కూచోలేదని మా అమ్మ బతికున్నంత కాలం చెప్పుకుని నవ్వింది.

ఆ దిమ్మల అంచులు తగిలి బండి అడుగున రంగు గీసుకుపోతోందని నా చేత వాటికి టోపీలు కుట్టించుకున్నాడు. సీట్లకి మిగిలిన ఎర్ర రెగ్జిన్, లోపల కాస్త దూది. ఆ వేళ ఎర్ర దారం అయిపోతే నీలం దారంతో కానిచ్చాను. ఆఖరిది వంకరగా వచ్చింది. మరదలి కుట్టు దారి తప్పిందని ఏడాది పొడుగునా ఏడిపించాడు.

అలాంటి మనిషి బండి కింద పడి పోయాడు.

ఆ బండి చిన్నది. రెండే తలుపులు, గుండ్రటి కళ్ళలాంటి దీపాలు, ఇంజను వెనక. ముందు భాగం ఎంత తేలికంటే, బంపరు పట్టుకుని ఒక్క మనిషి ఎత్తితే లేస్తుంది. వీధిలో పందెం కట్టి ఎత్తినవాళ్ళున్నారు. నేనూ ఒకసారి ఎత్తాను. బావకి అది ఒక దొడ్లో దొరికింది. లోపల కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్నాయి. రేకు రేకుగా ఊడదీసి, కుళ్ళినంత మేరా కోసేసి, కొత్త రేకు అతికి, ఏళ్ళ తరబడి దానికి ప్రాణం పోశాడు.

దానికి కావలసిన ఆ కాలపు సామాను తెచ్చినవాడు వేరే. మెరిసే బూట్లు వేసుకుని వచ్చేవాడు. ఏ వస్తువు చూపించినా ఆయన నోట మొదట వచ్చే మాట 'ఒరిజినలేనా?' నేను టీ ఇస్తే కప్పు తిరగేసి అడుగున ఏం రాసుందో చూశాడు. దాంతో వీధంతా ఒరిజినల్ గారు అని పేరు పెట్టేసింది.

మాట ఒప్పుకోవాలి, ఆయనకి వస్తువు చూసే కన్ను ఉంది. ఆ బండి రోడ్డెక్కిన రోజుల్లో షోకైనవాళ్ళు ఏమేం తగిలించుకునేవారో అన్నీ వెతికి తెచ్చాడు. మంచులో దారి చూపే దీపాలు, చెక్క స్టీరింగు, పైన సామాను కట్టుకునే చట్రం, చివరికి రెక్కలు కూడా. రెక్క అంటే, ఇప్పటిలా మిణుకుమనే లైటు కాదు. ఎటు తిరగాలో ఆ వైపు తలుపు పక్కనుంచి జానెడు పుల్ల టక్కున బయటికి లేస్తుంది. దాని కొసన నారింజరంగు దీపం. బావ వాటిని బిగించిన రోజున పిల్లాడిలా ఇటూ అటూ తిప్పుతూ మమ్మల్నందర్నీ పిలిచి చూపించాడు. బండి ఇద్దరిదీ అని ఆ రోజు అందరి ముందూ ఒరిజినల్ గారే అన్నాడు.

ఆయన తెచ్చినవాటిలో ఒక జాకీ కూడా ఉంది. బండితో పాటు ఆ రోజుల్లో ఇచ్చినదట, గుడ్డ సంచిలో చుట్టి ఉంది. తలుపు కింద ఉన్న బెజ్జంలో దాని ముక్కు దూర్చి ఎత్తాలి. బావ దాన్ని నూనె గుడ్డతో తుడిచి, ఇది సంచిలో ఉండటానికి బాగుంది, దీన్ని నమ్మి మాత్రం కింద దూరకూడదని మళ్ళీ చుట్టి పెట్టేశాడు. అది నా ఎదుటే జరిగింది.

ఒక సాయంత్రం ఒరిజినల్ గారు వీధి మొదట్లోకి నడుచుకుంటూ వచ్చి, మీ మేస్త్రి ఎంత పిలిచినా పలకట్లేదన్నాడు. పరిగెత్తాం. బండి బావ మీద ఉంది. ఆ పాత జాకీ పక్కకి ఒరిగి పడి ఉంది. దిమ్మలు నాలుగూ గోడ వారగా, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

పోలీసులు అడిగితే ఒరిజినల్ గారు తల అడ్డంగా ఊపాడు. దిమ్మలు పెట్టుకోమని తను చెబుతూనే ఉన్నాడట. మేస్త్రే వినలేదట. తొందరపడ్డాడట. వాళ్ళు అదే రాసుకుని వెళ్ళిపోయారు.

చూశారా, మనిషిని తీసుకుపోయింది చాలక పేరు కూడా తీసుకుపోయాడు. దిమ్మల మేస్త్రి దిమ్మలు పెట్టకుండా దూరి పోయాడట అని ఊళ్ళో మెకానిక్కులంతా చెప్పుకుని పెదవి విరిచారు. బావ దగ్గర పని నేర్చుకున్నామని గొప్పగా చెప్పుకునేవాళ్ళు ఆ పేరు ఎత్తడం మానేశారు.

అక్క ఏడవలేదు. ఒకే ఒక్క మాట పట్టుకుంది. దిమ్మలు ఎవరు తీశారు? పోలీసుల్ని అడిగింది. ఒరిజినల్ గారిని అడిగింది. రాత్రిళ్ళు గోడని అడిగేది.

"ఆయన పెట్టనేలేదమ్మా" అన్నాడు ఒరిజినల్ గారు, ఎంతో జాలిగా. అంతటితో ఆగాడా, బండి కాగితాలన్నీ తన పేరునే ఉన్నాయి కాబట్టి బండి తనదేనన్నాడు.

అక్క షెడ్డుకి తాళం వేసి, ఎదురుగా స్టూలు వేసుకుని కూచుంది. బండి తీసుకుపొమ్మను, కానీ దిమ్మలు ఎవరు తీశారో పదిమందిలో చెప్పి తీసుకుపొమ్మను అంది. అంతకు మించి ఆవిడకి ఏమీ అక్కర్లేదు.

ఆ రోజుల్లోనే ఒకనాడు ఆ నాలుగు దిమ్మల్నీ మా పెరట్లోకి ఈడ్చుకొచ్చి పడేసింది. "అవసరానికి ఆయన కింద లేని కర్రలు నా కళ్ళ ముందు ఎందుకే? పొయ్యిలో పెట్టు" అంది. పెట్టాను. నా చేత్తోనే. నూనె తాగిన కర్ర కదా, భగ్గుమని లేచింది. రెగ్జిన్ కాలిన కంపు ఇల్లంతా పట్టుకుంది. బూడిదయ్యేదాకా అక్క అక్కణ్ణించి కదల్లేదు. నీళ్ళు చల్లి ఆ బూడిదంతా ఎత్తి గోతిలో పోశాను.

గొంతు వినబడుతోందన్న మాట పుట్టింది ఆ తర్వాతే. అందరూ ఆ షెడ్డు నుంచి దూరంగా పారిపోతుంటే అక్క మాత్రం రోజూ రాత్రి వెళ్ళి షట్టరుకి చెవి ఆనించేది. ఏమీ వినబడేది కాదు. "లోకమంతటితో మాట్లాడుతున్నాడు, నాతో తప్ప" అని ఒక రాత్రి నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. బావ పోయాక అక్క ఏడవగా చూసింది అప్పుడే. నాకు బావ మీద కూడా కోపం వచ్చింది ఆ రాత్రి.

ఇంతలో పాత కార్ల పోటీ దగ్గరపడింది. ఒరిజినల్ గారు దానికోసమే ఇన్నేళ్ళూ ఎదురుచూశాడు. బండి లాక్కెళ్ళడానికి పగలు మనుషుల్ని తీసుకొచ్చాడు. వాళ్ళు స్టూలు మీద కూచున్న అక్కని చూశారు, ఇది ఏ షెడ్డో పంక్చర్ అన్నని అడిగి తెలుసుకున్నారు, వచ్చిన దారినే పోయారు. ఇక లాభం లేదనుకుని తనే వచ్చాడు. రాత్రి, భోజనాల వేళ, అక్క మా ఇంటికి వచ్చే సమయం కనిపెట్టి.

ఇక్కణ్ణించి ఆయన నోట విన్నదే చెబుతున్నాను. ఆసుపత్రి మంచం మీద పడుకుని ఆయన ఎవరడిగినా చెప్పాడు, అడక్కపోయినా చెప్పాడు. నేను నా వైపు నుంచి ఏమీ కలపడం లేదు.

వాలు కింద రోడ్డు మీద లాక్కెళ్ళే బండిని, దాని డ్రైవర్ని ఆపి, తను ఒక్కడే పైకొచ్చాడు. తాళం కోశాడు. చిన్న తలుపు తోసి టార్చి వేశాడు.

దుమ్ము... పాత నూనె వాసన... గుడ్డ కప్పుకుని బండి.

గుడ్డ లాగాడు. అంత దుమ్ములోనూ రంగు నిగనిగలాడిందట. షట్టరు ఎత్తి వాలులోకి తోసుకుంటే చాలు, బండి దానంతటదే జారిపోతుంది. కానీ ముందు చక్రం ఒకటి గాలి పోయి నేలకి అంటుకుపోయి ఉంది. కుడివైపుది. సరే, మార్చేద్దామని ముందు డిక్కీ తెరిచి, గుడ్డ సంచి తీశాడు. పోలీసులు చూసి వెళ్ళాక ఎవరో మళ్ళీ అందులో చుట్టి పెట్టిన ఆ జాకీయే తీశాడు. అవును, ఆ జాకీయే. దాన్ని ముట్టుకోవడానికి చెయ్యెలా వచ్చిందని అడిగాను. ఆ మాటే తట్టలేదట.

ఎడమవైపు బెజ్జం బావ పోయిన రోజే చిరిగిపోయింది. కుడివైపుది బాగానే ఉంది. దూర్చాడు. ఎత్తాడు. చక్రం మీది వీల్ కప్పు ఊడదీసి, నట్లు ఒక్కొక్కటీ విప్పి అందులో వేసుకున్నాడు. చక్రం ఊడదీసి పక్కన పెట్టాడు.

అప్పుడు...

టక్.

తల పైన, తలుపు పక్కనుంచి, రెక్క బయటికి లేచింది. కొసన నారింజరంగు దీపం వెలిగింది.

ఒరిజినల్ గారు భయపడలేదు. మురిసిపోయాడు. ఇన్నాళ్ళు మూలన పడి ఉన్నా ఎంత బాగా పని చేస్తోంది, అసలు సరుకంటే ఇదీ అనుకున్నాడట. మురిసిపోతూ టార్చి పక్కకి తిప్పాడు.

గోడ అరమీద బ్యాటరీ ఉంది. బావ ఎప్పుడో తీసి పెట్టింది. దాని వైర్లు రెండూ గాల్లో వేలాడుతున్నాయి.

టక్... రెక్క ముడుచుకుంది. చీకటి.

టక్... మళ్ళీ లేచింది.

ఆయన కాలు అదిరి వీల్ కప్పుకి తగిలింది. నట్లు చెదిరిపోయాయి. ఒకటి గిరగిరా తిరుగుతూ బండి కిందికి దొర్లిపోయింది.

ఇంకెవరైనా అయితే నట్టు పోతే పోయిందని లేచి పరుగందుకునేవాళ్ళు. ఈయన ఒరిజినల్ గారు. ఆ కాలపు నట్టు అది, దాని తలమీద కంపెనీ గుర్తు ఉంటుంది. నాలుగింటిలో ఒకటి తగ్గితే పోటీలో చూసేవాళ్ళు మొదట పట్టుకునేది దాన్నే. ఆ వణుకులోనే బోర్లా పడుకుని, కుడిచెయ్యి లోపలికి చాపాడు. నట్టు వేళ్ళకి తగిలింది కూడా.

రేకు చిరిగిన చప్పుడు... జాకీ ఒరిగింది. బండి చేతి మీద కూచుంది.

"కాస్త ఎత్తండి" అని అరిచాడు. రొమ్ము నేలకి నొక్కుకుపోయి గొంతు సన్నగా వచ్చింది. "ఎవరైనా... కాస్త ఎత్తండి..."

వీధికి వినబడింది. ఎందుకు వినబడదు? రంగుల వాళ్ళు కిటికీ రెక్కలు మూసుకున్నారు. రేడియేటర్ల వాళ్ళు రేడియో గట్టిగా పెట్టుకున్నారు. పంక్చర్ అన్న తలమీదికి దుప్పటి లాక్కున్నాడు. కింద ఆగిన డ్రైవరు బండి తిప్పుకుని పోయాడు. ఆ షెడ్డులోంచి ఆ మాట వస్తే ఏం చెయ్యాలో మా వీధికి బాగా అలవాటైపోయింది.

అరిచి అరిచి ఆగాడు. టార్చి ఎక్కడో పడి ఆరిపోయింది. అప్పుడు — బండి కిందనుంచి, చెవికి మూరెడు దూరంలో — ఒక గొంతు. మెల్లగా, మర్యాదగా...

"ఒక్క నిమిషం ఆగండి. ఎవరినైనా పిలుచుకొస్తా."

చెప్పుల చప్పుడు తలుపు దాకా వెళ్ళింది. తలుపు కిర్రుమంది. ఆ తర్వాత ఏమీ లేదు.

ఆయన ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు. మళ్ళీ పిలిచాడు. మళ్ళీ అదే గొంతు, అదే మాట. ఒక్క నిమిషం ఆగండి. మళ్ళీ చెప్పులు తలుపు దాకా. మళ్ళీ నిశ్శబ్దం. ఎన్నిసార్లో లెక్క లేదట. చెయ్యి నొప్పి కంటే ఆ మాట ఎక్కువ బాధ పెట్టిందట. ఎందుకంటే ఆ మాట ఆయనకి కొత్త కాదు.

ఆ రాత్రి వంట ఆలస్యమై, మా ఇంట్లో అక్క అప్పుడే కంచం ముందు కూచుంది. ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"విన్నావా?" అంది.

విన్నాను. సన్నగా, దూరంగా... కాస్త ఎత్తండి... మొట్టమొదటిసారి నేనూ విన్నాను. లేచి తలుపేద్దామనుకున్నాను. అక్క మొహం చూస్తే మాత్రం వెలిగిపోతోంది. ఇన్నాళ్ళకి తనని పిలిచాడనుకుంది పిచ్చిది. చెయ్యి కడుక్కోకుండా, చెప్పులు వేసుకోకుండా లేచి పరిగెత్తింది. నేను వెనకాల. ఇద్దరు ఆడవాళ్ళం ఆ వైపు పరిగెడుతుంటే పంక్చర్ అన్నకి సిగ్గేసినట్టుంది, పెద్ద టార్చి పట్టుకుని వెనకే వచ్చాడు. ఆయన వెనక ఒక్కొక్క తలుపే తెరుచుకుంది.

షెడ్డులో అడుగు పెట్టగానే అక్క ఆగిపోయింది. పిలిచింది ఎవరో చూసింది. ఆ మొహంలో వెలుగు అలాగే ఆరిపోయింది.

"అమ్మా... కాస్త ఎత్తండి" అన్నాడు ఒరిజినల్ గారు.

నేను అక్క చెయ్యి పట్టుకున్నాను. "పద అక్కా, తలుపేసి పోదాం" అన్నాను. ఊరికే అన్న మాట కాదు. మనస్ఫూర్తిగా అన్నాను. వీధిలో ఎవడూ రాడు, తెల్లారేసరికి వాడి పనీ అయిపోతుంది, బావ చావుకి బదులు తీరిపోతుంది అనుకున్నాను. అక్క కదల్లేదు. వెనక్కీ పోలేదు, ముందుకీ పోలేదు.

పంక్చర్ అన్నే చూడలేక ముందుకెళ్ళి బంపరు పట్టుకున్నాడు. పట్టుకుని, వంగి, టార్చి కిందికి వేసి, అలాగే ఉండిపోయాడు.

"ఎత్తడానికేముందమ్మా... బండి దిమ్మల మీదే ఉంది."

నిజమే. నాలుగు మూలలా నాలుగు దిమ్మలు. బండి అంచుకీ ఆయన చేతికీ మధ్య జానెడు ఖాళీ. చేతి మీద ఏమీ లేదు.

"చెయ్యి తీసుకోండి సార్" అన్నాడు అన్న.

"రావట్లేదు."

"ఏం అడ్డం లేదు సార్. తీసుకోండి."

ఒరిజినల్ గారు తల తిప్పి మా వైపు చూశాడు. ఆ కళ్ళు నేను మరిచిపోలేను. "పట్టుకున్నాడు" అని గొణిగాడు. "వదలమనండి..."

అన్న ఆయన నడుం పట్టుకుని లాగాడు. రాలేదు. రాకపోగా ఆ చెయ్యి ఇంకో బెత్తెడు లోపలికి పోయింది. ఆయన భుజం వెళ్ళి బండి అంచుకి కొట్టుకుంది. అన్న వదిలేసి గోడకి ఆనుకుపోయాడు.

అప్పుడు అక్క వెళ్ళి ఆయన పక్కనే నేల మీద కూలబడింది. ఆయన మొహం చూడలేదు. బండి వైపే చూస్తూ అడిగింది.

"దిమ్మలు ఎవరు తీశారు?"

"నేనే" అన్నాడు ఆయన.

తలుపు దగ్గర వీధంతా నిలబడి ఉంది.

చెప్పాడు. పోటీ పుస్తకానికి ఫొటో కావాలి. ఆ కాలపు బండి, ఆ కాలపు జాకీ మీద లేచి నిలబడ్డట్టు. ఆ ఎర్ర టోపీల కర్రముక్కలు ఆ కాలానివి కావు, ఫొటోలో బాగోవు. మేస్త్రి చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు తీసి గోడ వారగా పేర్చాడు. మేస్త్రి తిరిగొచ్చి, అడుగున నూనె చుక్క కనబడుతోందని తుడవడానికి, దిమ్మలున్న చోటు కనబడని అటువైపునుంచి వంగాడు. తను దిమ్మలు పెట్టి తోసి చూసుకున్న బండే కదా అని దూరబోతూ, అలవాటు కొద్దీ, దిమ్మలున్నాయిగా అని అడిగాడు.

"నేను కెమెరాలో చూస్తున్నా... ఊ అన్నాను."

అక్క బండి అంచు మీద చెయ్యి పెట్టింది.

"పడ్డాక... కాస్త ఎత్తు అన్నాడు. ఒక్క నిమిషం ఆగు, ఎవరినైనా పిలుచుకొస్తా అన్నాను. బయటికెళ్ళి నా కార్లో కూచున్నా. అద్దాలు ఎక్కించుకుని..."

ఒక్క మనిషి ఎత్తితే లేచే బండి అది. అక్కడున్న ప్రతివాళ్ళకీ తెలుసు. ఎందుకు ఎత్తలేదని నేనే అడిగాను. మొదట భయం వేసిందట. తర్వాత, మేస్త్రి లేకపోతే బండి తన ఒక్కడిదే అవుతుందని తట్టిందట. ఆ మాట చెప్పి నేలకేసి నుదురు ఆనించాడు.

అక్క వంగింది. చెంప నేలకి ఆనేదాకా వంగి, బండి కింద చీకట్లోకి చూస్తూ, ఇంట్లో రోజూ మాట్లాడుకున్నట్టే మెల్లగా అంది.

"విన్నాం. అందరం విన్నాం. ఇంక వదిలెయ్యి."

చెయ్యి ఒక్కసారిగా ఊడి వచ్చి ఆయన వెల్లకిలా పడ్డాడు. మణికట్టు చుట్టూ నల్లటి గ్రీజు అంటుకుని ఉంది. గుప్పెట్లో నట్టు లేదు.

ఆయన్ని నలుగురూ మోసుకెళ్ళారు. వేళ్ళు నలిగిపోయాయి, ఆ చేత్తో ఇప్పుడు గ్లాసు కూడా పట్టుకోలేడు. పోలీసులకీ అదే చెప్పాడు, ఒక్క ముక్క మార్చలేదు. బండి ఊసు మళ్ళీ ఎత్తలేదు. అది అక్క దగ్గరే ఉంది. దిమ్మల మేస్త్రి అన్న పేరు ఇప్పుడు ఊళ్ళో తలెత్తుకుని చెబుతున్నారు. షెడ్డులోంచి గొంతు మళ్ళీ ఎవరికీ వినబడలేదు. అయినా అలవాటు కొద్దీ చీకటి పడ్డాక అటు ఎవరూ వెళ్ళరు.

నాకు మాత్రం చాలలేదు. నా చేతిలో ఉంటే ఆ బండిని వాడి మీద అలాగే ఉంచేదాన్ని. వాడు ఎవరిని చంపాడో ఆయనే వాడిని కాపాడాడు. కింద మనిషి ఉండగా బండిని దిమ్మల్లేకుండా చూడలేకపోయాడు కాబోలు. చచ్చాక కూడా పోని జబ్బు అది.

ఆ రాత్రి అందరూ వెళ్ళిపోయాక అన్న టార్చి మాకు ఇచ్చి వెళ్ళాడు. దిమ్మలు ఎవరు పెట్టారని వీధిలో ఎవరూ అడగలేదు. ఆ హడావిడిలో వాళ్ళలో వాళ్ళే ఎవరో పెట్టి ఉంటారనుకున్నారు. నేను బండి పక్కన మోకాళ్ళ మీద కూచుని కిందికి వెలుతురు వేశాను.

ఎర్ర రెగ్జిన్ టోపీలు. నీలం దారం. ఆఖరి దిమ్మ మీద కుట్టు వంకరగా, దారి తప్పి ఉంది.

"అక్కా... వీటిని నేను పొయ్యిలో..." అన్నాను.

అక్క వంగి, చెయ్యి చాపి ఆ కర్రని నిమిరింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి దాని మీద పెట్టింది.

దిమ్మ ఇంకా వెచ్చగా ఉంది.